అయిదో గచ్చకాయ

తడి రాయికీ ఆరిన రాయికీ మధ్య ఉన్న తేడా నన్ను పాడుచేసింది. నా భార్య ఇప్పటికీ ఈ మాటే అంటుంది. కాకపోతే ఆమె "పాడుచేసింది" అనదు, ఇంకొంచెం ఘాటైన మాట వాడుతుంది.

గద్వాలలో నాకు మోటారు వైండింగు షాపు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. వానలు సరిగా లేక, బోర్లు అడుగంటి, వోల్టేజి చాలక రైతుల మోటార్లు వరసబెట్టి కాలిపోయేవి. కాలిన మోటారు విప్పి, నల్లబడ్డ రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం నా పని. ఒక ఎండాకాలం ధరూర్ దిక్కున కృష్ణ ఒడ్డు మీద మోటారు చూడమని పిలిస్తే పోయాను. కరెంటు వచ్చేదాకా చేసేదేమీ లేదని రైతు తువ్వాల పరుచుకుని పడుకున్నాడు. నేను ఏట్లోకి దిగాను.

ఏరు బక్కచిక్కి ఒక పక్కకు ఒదిగి పారుతోంది. మిగతాదంతా గులకరాళ్లే. నీళ్ల అంచున తడిసిన రాళ్లను చూసి అక్కడే కూలబడ్డాను. తేనెరంగు మీద తెల్లచారలున్నవి, కందిపప్పు రంగువి, ఎండుమిరపకాయ రంగువి, ఆకుపచ్చ మీద ఎర్రచుక్కలున్నది ఒకటి. మెడలో తువ్వాల తీసి మూట కట్టాను. రైతు లేచి ఆ మూట చూసి, "ఏంది సారూ, మోటరు బాగుజెయ్యమంటె రాళ్లేరుతున్నవ్?" అన్నాడు. నవ్వి, మూట భుజాన వేసుకున్నాను.

ఇంటికొచ్చి మూట విప్పితే అన్నీ ఒక్క తీరుగా బూడిద రంగులో ఉన్నాయి. ఎవరో నన్ను మోసం చేసినట్టు కోపం వచ్చింది. ఒకదాన్ని నాలుకతో తడిపి చూశాను. తేనెరంగు తిరిగి వచ్చింది. ముందరి గదిలో గుంటమగ్గం మీద కూర్చున్న నా భార్య ఇదంతా చూస్తూనే ఉంది. ఆమె గద్వాల నేతవాళ్ల బిడ్డ. పెళ్లయి వచ్చాక కూడా మా ఇంట్లో మగ్గం వేయించుకుంది. నిజం చెప్పాలంటే నా షాపు కంటే ఆ మగ్గమే ఎక్కువ ఏళ్లు నడిచింది.

"రాళ్లు నాకుతున్నవా?"

"తడిస్తె రంగు కనవడ్తది. జర చూడు."

"అయితె గిన్నెల నీళ్లు పోసి అండ్ల ఏసుకో. నాలిక అరగ్గొట్టుకోకు."

గిన్నెలో నీళ్లు పోసి వేశాను. నాలుగు రోజులకు పాచి పట్టింది. నీళ్లు మార్చాను, మళ్లీ పాచి పట్టింది. రాయి ఎప్పటికీ తడిగానే కనబడాలంటే ఏం చేయాలన్నది నా బుర్రను పురుగులా తొలచడం మొదలుపెట్టింది.

దారి చూపించింది వనపర్తి నుంచి మోటారు తెచ్చిన ఒక సారు. అక్కడ పిల్లలకు చదువు చెప్పేవాడు. షాపులో బల్ల మీద నా రాళ్లు చూసి, "రాయి మీద కంటికి కనబడని గీతలుంటయి. నీళ్లు ఆ గీతల్ని నింపుతయి, అందుకే రంగు కనబడుతది. ఆ గీతల్నే పోగొడితే నీళ్లతో పనిలేదు" అన్నాడు. రాళ్లు, గరుకుపొడి, నీళ్లు కలిపి ఒక డబ్బాలో వేసి రోజుల తరబడి మెల్లగా దొర్లిస్తే ఒకదాన్నొకటి రుద్దుకుని నున్నబడతాయట. ఏరు వెయ్యేళ్లలో చేసే పనిని డబ్బా నెలలో చేస్తుందన్నాడు. ఆయన మోటారు ఆ రోజు ఉచితంగా చుట్టేవాణ్ణే, పక్కన మా ఆవిడ లేకపోతే.

ఆరంగుళాల ప్లాస్టిక్ పైపు జానెడు ముక్క కోయించి, లోపల లారీ ట్యూబు అతికించి, రెండు పక్కలా మూతలు బిగించాను. వనపర్తిలో లేతు మీద పుల్లీ తీయించాను. రెండు ఇనుప కడ్డీలు బేరింగుల్లో కూర్చోబెట్టి, పాత కూలరు మోటారుతో ఒక కడ్డీని తిప్పితే, దాని మీద పడుకున్న డబ్బా మెల్లగా దొర్లింది. కొత్త ఇళ్లలో బండలకు పాలిష్ పట్టే పనివాళ్ల దగ్గర కార్బొరండం పొడి దొరికింది, గరుకుదీ సన్నదీ. చివరి మెరుగుకు అద్దాలవాళ్లు వాడే గులాబీరంగు పొడి హైదరాబాదు నుంచి తెప్పించాను. గరుకుపొడితో ఒక వారం, కడిగి నడిమిరకంతో ఒక వారం, సన్నపొడితో ఒక వారం, మెరుగుపొడితో ఇంకో వారం. కరెంటు కోతల్ని కలుపుకుంటే నెల కాస్తా నెలన్నర అయ్యేది. కరెంటు పోయినప్పుడల్లా మట్టి అడుగున గడ్డకడుతుందని భయపడి, స్టూలేసుకుని చేత్తో దొర్లించేవాణ్ణి.

"ఉయ్యాలూపుతున్నవా? పాట గూడ పాడు" అనేది మా ఆవిడ.

ఇంట్లో ఒక గదిలో మగ్గం టకటక, వెనక వసారాలో డబ్బా గరగర. మొదట్లో ఆమె చెవుల్లో దూది పెట్టుకుంది. తరవాత ఆ చప్పుడుకు ఎంత అలవాటు పడిందంటే, డబ్బా ఆగితే పనిలో ధ్యాస తప్పి పోగు తెంపుకునేది. తెగిన పోగుకు కూడా నన్నే తిట్టేది.

ఆ తిట్లలో ఒకటి మాత్రం న్యాయమైనది. మొదటివారం రాళ్లు కడిగిన చిక్కటి బురదను నేను స్నానాలు చేసే బచ్చలిలో పారబోశాను. రెండు రోజుల్లో అది తూములో సిమెంటులా గట్టిపడి, ఇల్లంతా మురుగునీళ్లు తిరిగొచ్చాయి. తూము పగలగొట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. డబ్బా కడిగిన బురద చుక్క కూడా తూములో పడరాదు. పెరట్లో ఒక పాత కుండ పెట్టి అందులో పోసేవాణ్ణి.

మొదటి విడత రాళ్లు బయటికి తీసిన రోజు నేను వాటిని తుడవలేదు. ఆరనిచ్చాను. ఆరాక కూడా తడిగానే ఉన్నాయి. మా ఆవిడ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, తేనెరంగు దాన్ని అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. తరవాత దాన్ని తీసుకెళ్లి తన నూలు కండెల బుట్టలో వేసుకుంది. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఏ రైతూ ఇవ్వలేదు.

రాళ్లపనిలో ఒక్కటే ముఖ్యమైన సూత్రం ఉంది. గట్టిరాయినీ మెత్తరాయినీ ఒక డబ్బాలో వేయకూడదు. అందుకని ప్రతి రాయినీ ముందు ఇనుపమేకుతో గీసి చూడాలి. గీత పడితే మెత్తది, పక్కన పెట్టాలి. నాకు ఈ సూత్రం బాగా తెలుసు. వచ్చిపోయే రైతులకు కూడా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తెలియక చేశానన్న సాకు నాకు లేదు.

ఇప్పుడు మా అక్క గురించి చెప్పాలి.

మాది వడ్డేపల్లి దిక్కున మెట్టసేద్యం ఇల్లు. నాకు అయిదేళ్లప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. అక్కకు అప్పుడు పదకొండు. అమ్మ ఫొటో లేదు. ముఖం నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఒక చెయ్యి. మధ్యాహ్నం పూట పనులయ్యాక అమ్మా అక్కా గడప దగ్గర కూర్చుని, కాయలకు బదులు రాళ్లతో గచ్చకాయలు ఆడేవాళ్లు. అమ్మ అయిదు రాళ్లనూ ఎగరేసి, చెయ్యి తిరగేసి, అరచేతి వెనక మండ మీద పట్టేది. మండ మీద పచ్చబొట్టు చుక్కలు, వాటి మీద అయిదు రాళ్లు. ఒక్కటీ కింద పడేది కాదు. అమ్మ అంటే నాకు అదే.

అమ్మ పోయాక నన్ను సాకింది అక్క. నేను అన్నం తిననని మొండికేస్తే ఆ రాళ్లే తీసేది. ఒక రాయి ఎగరేసి, అది కింద పడేలోగా నా నోట్లో ముద్ద పెట్టి, మళ్లీ పట్టేది. ఎగరేసేది ఎప్పుడూ నల్లది. మిగతా నాలుగూ నేల మీద ఉండేవి. రెండు తెల్లవి, ఒకటి ఎర్రది, ఒకటి నువ్వులు చల్లినట్టు చుక్కలది. నల్లది ఎగిరిందంటే నేను నోరు తెరిచేవాణ్ణి. పదిహేడేళ్లకు అక్కకు నాగర్‌కర్నూలు దిక్కు ఊళ్లో పెళ్లయింది. అత్తగారింటికి పోయేటప్పుడు ఆ అయిదు రాళ్లూ కొంగున ముడేసుకుని పోయింది. నేను బస్సు వెనకాల ఏడ్చుకుంటూ పరుగెత్తింది అక్క కోసమా, రాళ్ల కోసమా అని బావ ఇప్పటికీ ఆట పట్టిస్తాడు.

అక్కకూ నాకూ కోపం ఎక్కువే, రకాలే వేరు. నాది పొంగి గంటలో దిగిపోతుంది. అక్కది పైకి కనబడదు, దిగాలంటే పంట మారాలి.

రాళ్లపని మొదలుపెట్టిన మూడో ఏట, ఎండాకాలంలో బావ పొలం మోటారు చూడటానికి అక్క ఊరికి పోయాను. గద్వాల నుంచి వనపర్తి, అక్కడ బస్సు మారి నాగర్‌కర్నూలు, అక్కడినుంచి ఆటో. మోటారు బాగుచేసి ఇంటికొస్తే అక్క చేనుకు పోయి ఉంది. దాహమై నీళ్లు తాగుతూ చూస్తే గూట్లో ఆమె ఆకువక్కల డబ్బా, పక్కనే ఇంకో చిన్న డబ్బా. అదేమిటో నాకు తెలుసు. తీసి అరచేతిలో పోసుకున్నాను. అయిదూ ఉన్నాయి. ఇన్నేళ్ల చేతి జిడ్డు పట్టి, మసకబారి, ఏది ఎర్రదో ఏది తెల్లదో వెలుతురులో పెడితే గాని తెలియడం లేదు.

రెండు నెలల్లో రాఖీ పున్నమ. అక్క ప్రతి ఏడూ వచ్చి రాఖీ కట్టేది, నేను చీర పెట్టేవాణ్ణి. ఈసారి చీరతో పాటు అమ్మ రాళ్లు తళతళా మెరుస్తూ ఆమె చేతిలో పెడితే? ఆ ఆలోచన వచ్చిన సంబరంలో నేను అడగలేదు. అడిగితే ఇవ్వదు, అది కూడా తెలుసు. అయిదింటినీ జేబులో వేసుకుని, ఖాళీ డబ్బా గూట్లో పెట్టేసి వచ్చాను.

గద్వాల వచ్చాక వాటిని బల్ల మీద వరసగా పెట్టి మేకు తీశాను. ఎర్రదాని మీద ఆనించాను కూడా. గీయలేకపోయాను. అమ్మ పట్టుకున్న రాయి మీద మేకు గీత ఎట్లా పెట్టను? ఇన్నేళ్లు నేలకేసి ఆడినా అరగని రాళ్లు, ఏటిరాళ్లు కాక ఇంకేమవుతాయి అని నాకు నేనే చెప్పుకున్నాను. అట్లాగే డబ్బాలో వేశాను. ఖాళీ నింపడానికి కృష్ణలో ఏరిన గట్టిరాళ్లు పిడికెడు వేసి, గరుకుపొడి పోసి, నీళ్లు నింపి, మూత బిగించాను.

ఎనిమిదోరోజు మూత తీయగానే తేడా తెలిసింది. ఎప్పుడూ బూడిదరంగులో ఉండే బురద నల్లగా ఉంది. వేలు పెడితే సబ్బులా జారింది. జల్లెడలో పోసి కడిగాను. రెండు తెల్లవి, ఎర్రది, చుక్కలది. కృష్ణ రాళ్లను ఒక్కొక్కటి పక్కకు తీశాను. మళ్లీ లెక్కపెట్టాను. డబ్బాలో చెయ్యి పెట్టి తడిమాను, ట్యూబు వెనక చూశాను. బురదనంతా వేళ్లతో పిసికి వెదికాను. పెసరగింజంత ముక్క కూడా దొరకలేదు.

నల్లది బలపంరాయి. చిన్నప్పుడు పలక మీద రాసుకున్నామే, ఆ జాతి మెత్తరాయి. చేతుల జిడ్డు తాగి తాగి పైకి ఇనుములా కనబడిందంతే. మేకు ఆనిస్తే చాలు, గీత పడేది. వసారాలో కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడలేదు. మా ఆవిడ వచ్చి సంగతి తెలుసుకుని, నా ఎదురుగా కూర్చుంది. జల్లెడ నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది.

ఆ బురద మాత్రం పెరటి కుండలో పోయబుద్ధి కాలేదు. ఒక మట్టిముంతలో పోసి అటక మీద పెట్టాను. దాంతో ఏం చేద్దామనో నాకే తెలియదు.

మిగిలిన నాలుగింటినీ మెరుగుపొడి దాకా నడిపించాను. అవైనా మెరిస్తే తప్పు కొంత తగ్గుతుందనుకున్నానేమో, ఎంత పిచ్చివాణ్ణి. ఇంతలో ఒకరోజు షాపుకు ఫోను వచ్చింది. అక్క.

"తమ్మీ, అమ్మ రాళ్లు కనవడ్తలేవురా. ఇల్లంత ఎతికిన."

"ఏడనన్న పెట్టి మరిశినవేమో చూడక్కా" అన్నాను.

"డబ్బా గూట్లనే ఉంది, రాళ్లు లేవు. ఎలుకలు ఎత్తుకపోయినయేమోనని మీ బావతోని కొట్టంల బొక్కలన్ని తవ్విపిచ్చిన. జొన్నలు ఎల్లినయి గని రాళ్లు లేవురా."

ఎలుకబొక్కలు తవ్వించిందట. ఆ మాట విన్నాక కూడా నేను నిజం చెప్పలేదు. రాఖీ నాడు ఎదురుగా చెబుదామని వాయిదా వేశాను. అంతకంటే పెద్ద పిరికితనం నా జీవితంలో లేదు.

రాఖీ పున్నమ నాడు అక్క పొద్దున్నే బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చింది. చెమట తుడుచుకుని, పళ్లెంలో రాఖీ, కుంకుమ, మిఠాయి సర్దుతుంటే నేను ముందుకెళ్లి నాలుగు రాళ్లూ ఆమె చేతిలో పోశాను. వెలుతురు పడి తళుక్కుమన్నాయి. ఆమె ముఖం వెలిగింది.

"మంచిగున్నయిరా! ఎవలియి గివి?"

గుర్తుపట్టలేదు. నలభై ఏళ్లు ఆమె చేతిలో తిరిగిన రాళ్లను ఆమెకే కొత్తవి చేసిపెట్టాను.

"అమ్మవి అక్కా."

ఆమె రాళ్లను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. తరవాత చేయి అలవాటుగా కదిలింది. నాలుగింటినీ ఎగరేసి మండ తిరగేసింది. నాలుగూ జారి, టపటపా గచ్చు మీద పడి, తలో మూలకు దొర్లాయి. మా ఆవిడ వంగి ఏరి ఇచ్చింది. అక్క వాటిని వేళ్లతో లెక్కపెట్టుకుంది.

"నల్లది ఏది?"

చెప్పాను. మేకు సంగతితో సహా మొత్తం చెప్పాను. ఆమె చివరిదాకా వింది. నా చెయ్యి పట్టుకుని రాఖీ కట్టింది. ముడి గట్టిగానే వేసింది. బొట్టు పెట్టింది. మిఠాయి మాత్రం నా నోట్లో పెట్టకుండా పళ్లెంలోనే ఉంచి లేచింది. అన్నం తినమని మా ఆవిడ బతిమాలినా వినకుండా, నాలుగు రాళ్లూ కొంగున ముడేసుకుని బస్సెక్కి వెళ్లిపోయింది. నేను పెట్టిన చీర మంచం మీదే ఉంది.

దసరా పోయింది, దీపావళి పోయింది. ఫోను చేస్తే బావ ఎత్తి, "చేన్ల ఉంది" అనేవాడు. ఎప్పుడు చేసినా చేన్లోనే. నేను డబ్బా ఆపేశాను. మోటారు విప్పి మూలన పెట్టాను. ఇల్లు మూగపోయింది. మూడేళ్లు ఆ చప్పుడును తిట్టిన మా ఆవిడే ఒకరోజు, "తిప్పరాదూ, మగ్గం ఒక్కదాని సప్పుడుతోని నాకు నేస్తున్నట్టే లేదు" అంది. నేను కసురుకున్నాను. రాళ్ల మీద కోపం ఆమె మీద చూపడం ఎంత అన్యాయమో తెలుస్తూనే కసురుకున్నాను.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున తలుపు తీస్తే అక్క నిలబడి ఉంది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో మూట. పలకరింపు లేదు, కుశలం లేదు.

"ఆ మన్ను ఏం జేసినవ్? పారబోసినవా?"

"లేదక్కా. ఉంది."

అటక మీంచి ముంత దించాను. బురద ఎండి, అడుగున నల్లటి బిళ్లగా పట్టింది. అక్క దాన్ని గోటితో గీకింది, వాసన చూసింది. తరవాత వసారాలో కూర్చుని మూట విప్పింది. పుట్టమన్ను. మెత్తగా జల్లించి తెచ్చింది. ఇన్ని నెలలూ ఆమె నా మీద కోపంగానే ఉంది, కానీ ఆ కోపంలోనే ఏం చేయాలో ఆలోచించుకుంటూ ఉంది. ఈ సంగతి అప్పుడు నాకు అర్థమైంది.

బిళ్లను దంచి, పుట్టమన్ను కలిపి, నీళ్లు చిలకరించి, రొట్టెపిండిలా పిసికింది. కొంచెం తీసి కళ్లు మూసుకుని అరచేతుల మధ్య ఉండ చేసింది. పిడికిలి మూసి చూసుకుంది, ఇంకొంచెం చేర్చింది, మళ్లీ మూసింది. ఆమె చేతికి ఆ సైజు తెలుసు. మొత్తం మట్టికి మూడు ఉండలయ్యాయి.

"మూడే అయినయి. జర నిమ్మలంగ జెయ్యాలె" అంది.

నిమ్మళం అన్నది నాకు లేని గుణం. ఒక్కరోజు ఎండలో పెట్టి, పైన ఆరినట్టు కనబడగానే, "కాలుద్దాం అక్కా, కాలుద్దాం" అని ప్రాణం తీశాను. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, పిడకలు పేర్చి, ఒక ఉండను నడుమ పెట్టాం. అరగంటలో టప్పుమని పేలి ముక్కలైంది. లోపల తడి ఆరలేదు. అక్క నా వైపు చూసిన చూపుకు నేను మళ్లీ అయిదేళ్ల పిల్లవాణ్ణయ్యాను.

రెండోదాన్ని మూడు రోజులు ఆరబెట్టింది. అది పేలలేదు గానీ, బూడిదలోంచి తీస్తే నడిమికి నెర్రె ఇచ్చి ఉంది. నేల మీద ఒకసారి వేయగానే రెండు ముక్కలైంది. ఇక మిగిలింది ఒక్కటి.

ఆ ఒక్కదాన్ని అక్క నన్ను ముట్టనివ్వలేదు. ఎండ తగలకుండా మగ్గం గుంట అంచున నీడలో పెట్టింది. "ఎనిమిది దినాలు ఆరాలె" అంది. ఇంకో ఎనిమిది రోజులు మా ఇంట్లో ఉండిపోయింది. పెళ్లయ్యాక ఆమె నా దగ్గర వరసగా రెండు రోజులు ఉన్నది లేదు. పొద్దున లేచి ఉండను ఒకసారి తిప్పి పెట్టేది. మా ఆవిడకు కండెలు చుట్టి ఇచ్చేది. ఇద్దరూ కలిసి నన్ను ఆడిపోసుకునేవాళ్లు. మూడోరోజు జొన్నరొట్టె చేసి, నేను షాపు నుంచి ఆలస్యంగా వస్తే, ఎప్పటిలా తిట్టింది. ఆ తిట్టు విని నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అయిదోరోజు కొంగు ముడి విప్పి నాలుగు రాళ్లూ నా ముందు పెట్టింది. మెరుపు లేదు. పట్టుకుంటే చిన్నగా గరుకు తగిలింది.

"బండకు రుద్దిన" అంది. "చేన్ల నీళ్లు పారేదాక కూసుంట గద, ఒక్కొక్కటి పట్టుకొని రుద్దిన. నువ్వు మిషన్ల నెల తిప్పి నున్నగ జేసినవ్. నాకు మూడు నెల్లు పట్టింది గరుకు జేసెతందుకు. రాయి జర గరుకుంటెనే చేతిమీద నిలవడ్తదిరా. ఇన్నేండ్లు రాళ్లతోని ఉన్నవ్, గింత తెల్వదా?"

నాకు నిజంగానే తెలియదు. రాయి కళ్లకు ఎట్లా ఉండాలో తెలుసుకున్నాను గానీ, చేతికి ఎట్లా ఉండాలో తెలుసుకోలేదు. "ఆ మిషను ఒకసారి తిప్పు, చూస్త" అంది. మోటారు బిగించి, కృష్ణ రాళ్లు వేసి తిప్పాను. అక్క దాని ముందు కూర్చుని, గరగర వింటూ, "మంచిగుంది. ఇసుర్రాయి సప్పుడు తీరుగ" అంది. మగ్గంలోంచి మా ఆవిడ నవ్వడం వినిపించింది.

తొమ్మిదోరోజు చివరి ఉండను కాల్చాం. ఈసారి నేను దూరంగా నిలబడ్డాను. అక్క మొదట ఉత్త బూడిదలో వెచ్చజేసింది, తరవాత పిడకల నడుమ పెట్టింది, మంట ఎర్రబడ్డాక పైన ఊక కప్పి పొగలో మగ్గబెట్టింది. పొద్దుట పెట్టినది పొద్దు వాలేదాకా తీయలేదు. నేను ఎన్నిసార్లు పెరట్లోకి తొంగిచూశానో లెక్కలేదు. చివరికి పుల్లతో బూడిద కదిపి దొర్లించింది. చల్లారాక నీళ్లలో ముంచి, కొంగుతో తుడిచి, గచ్చు మీద వేసింది. పగల్లేదు. మళ్లీ వేసింది, ఈసారి కొంచెం ఎత్తునుంచి. టంగుమని మోగింది.

నల్లగా ఉంది. అమ్మ రాయంత నలుపు కాదు, పొయ్యి మీది కుండ నలుపు. కొంచెం ఒక పక్కకు వాలినట్టుంది. అందులో అమ్మ పట్టుకున్న రాయి ఉంది, అక్క తెచ్చిన పుట్టమన్నూ ఉంది, నా కార్బొరండం పొడి కూడా ఉంది, ఎండకు పెడితే సన్నగా మెరుస్తోంది.

గడప దగ్గర ముగ్గురం కూర్చున్నాం. అక్క నాలుగు రాళ్లు నేల మీద పోసి, నల్లది ఎగరేసింది. ఒకట్లు ఏరింది, రెళ్లు ఏరింది. చివరికి అయిదింటినీ పిడికిట పట్టి, ఎగరేసి, చెయ్యి తిరగేసింది.

అయిదూ నిలబడ్డాయి. ఆ మండ మీద ముడతలున్నాయి, నరాలు తేలి ఉన్నాయి. అమ్మ చెయ్యి అంత ముసలిది కాకుండానే పోయింది. అమ్మ బతికుంటే ఆ వయసులో ఆమె చెయ్యి ఎట్లా ఉండేదో నేను ఆ రోజు చూశాను. నాకు ఏడుపు ఆగలేదు.

"నోరు తెరువ్" అంది అక్క.

తెరిచాను. రాఖీ నాడు పెట్టని మిఠాయి బదులు బెల్లంముక్క పెట్టింది.

మర్నాడు బస్టాండుకు నేనే తీసుకెళ్లాను. వనపర్తి బస్సు వచ్చింది. అక్క ఎక్కబోతూ కొంగు ముడి విప్పి, నల్లది ఒక్కటి తీసి నా చేతిలో పెట్టి, పిడికిలి మూసింది. మిగతా నాలుగూ మళ్లీ ముడేసుకుంది.

"ఎందుకక్కా? అయిదు లేకుంటె ఎట్ల ఆడుతవ్?"

"ఆడను. ఇది నీ తాననే ఉండనీ. ఆడాలనిపిస్తె నేనన్న వస్త, లేకుంటె నువ్వన్న రా."

బస్సు కదిలింది. నేను పిడికిలి తెరవకుండానే ఇంటికి నడిచాను.